షోస్తకోవిచ్‌ని ఎవరి రికార్డింగులో వినాలి?

నేను రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్‌ని తప్పు వైపు నుంచి మొదలుపెట్టాను. ఆయన సింఫొనీలన్నీ, అంటే పెద్ద ఆర్కెస్ట్రాకి రాసిన పొడవాటి కృతులన్నీ, ఉన్న పదకొండు సీడీల పెట్టె చవగ్గా దొరికితే కొని, బుద్ధిగా ఒకటో నంబరు నుంచి వరసగా వింటూ పోయాను. ఒకటోది బాగుంది. రెండోది ఇరవై నిమిషాల గోల. ఫ్యాక్టరీ సైరన్ మోగాక లెనిన్ పేరు చెబుతూ కోరస్ వస్తుంది. మూడోది అరగంట, దాని చివరా కోరసే, ఈసారి మేడే మీద. నాలుగోది ఏకంగా గంట. అక్కడ ఆగిపోయాను. ఐదోది పెట్టెలోంచి బయటికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. అది విన్న రాత్రి నా మీద నాకే కోపం వచ్చింది. పెట్టెలో లోపమేమీ లేదు. దాన్ని కొనమనే ఈ వ్యాసంలో మీకూ చెప్పబోతున్నాను. కాకపోతే మొదటి రోజే వద్దు.

ద్మిత్రీ షోస్తకోవిచ్ 1906లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు, 1975లో మాస్కోలో పోయాడు. 15 సింఫొనీలు, 15 స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తీగ వాద్యాలకు రాసినవి), గంటల కొద్దీ పియానో సంగీతం, 30కి పైగా సినిమాలు. ఇంత సరుకులో ఏరుకోవడమే కష్టం. దానికి తోడు ఇంకో చిక్కుంది. 1936 జనవరిలో స్టాలిన్ ఆయన ఒపెరా చూడ్డానికి వచ్చి, అయిపోకముందే లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ ‘సంగీతానికి బదులు గందరగోళం’ అని శీర్షిక పెట్టి ఆ ఒపెరాని చీల్చి చెండాడింది. అక్కణ్ణుంచి ఆయన రాసిన ప్రతి విజయగీతం దగ్గరా ఒక అనుమానం వెంటాడుతుంది: ఈ సంతోషం నిజమా, సంతోషించమన్నారు కాబట్టి సంతోషిస్తున్నాడా? కాగితం మీద నోట్లు అవే ఉంటాయి. జవాబు మాత్రం కండక్టర్‌ని బట్టి మారిపోతుంది. బీథోవెన్‌ని ఎవరి చేతుల్లో విన్నా బీథోవెన్ బీథోవెనే అనిపిస్తాడు నాకు. షోస్తకోవిచ్ అలా కాదు, ఒక రికార్డింగులో వీరుడు, ఇంకో రికార్డింగులో బందీ.

ముందు మీ గది సంగతి

ఏ రికార్డింగైనా ఎంచుకునే ముందు ఎక్కడ వింటారో చూసుకోండి. ఈ సింఫొనీల్లో ఒక్క ఫ్లూట్, కింద వినీ వినపడని వయొలిన్లు, ఇలా ఐదారు నిమిషాలు నడిచి, ఉన్నట్టుండి డ్రమ్ములూ ఇత్తడి వాద్యాలూ మీద పడతాయి. సీలింగ్ ఫ్యాన్ కింద, వంటింట్లో కుక్కర్ కూస్తుంటే ఆ మెల్లని భాగం వినపడదు. వాల్యూమ్ పెంచుతారు. కాసేపటికి పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొడతారు. నాకు జరిగింది. కాబట్టి సింఫొనీలకు చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు, రాత్రి పదిన్నర తర్వాత. పియానోకి ఈ టెన్షన్ లేదు, మామూలు స్పీకర్లు చాలు. సినిమా సంగీతం కారులో కూడా బాగుంటుంది.

స్ట్రీమింగ్ యాప్‌లో వినేవాళ్ళు రెండు సెట్టింగులు చూసుకోవాలి. పాటల శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చే ఆప్షన్ ఉంటే ఆపేయండి, లేకపోతే మెల్లని భాగానికీ పెద్ద భాగానికీ ఉండాల్సిన తేడా చెడిపోవచ్చు. పాట చివర్ని తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా వద్దు. పదకొండో సింఫొనీలో నాలుగు భాగాలూ మధ్యలో ఆగకుండా సాగుతాయి. అక్కడ ఒక్క సెకను గండి పడినా మంత్రం చెడినట్టే. ఇక వెతికేటప్పుడు కండక్టర్ పేరు, ఆర్కెస్ట్రా పేరు, సంవత్సరం మూడూ చూడాలి. ఉదాహరణకి, కండక్టర్ మ్రవిన్‌స్కీ పేరుతో ఐదో సింఫొనీ అని కొడితే ఒకటి కాదు, చాలా వస్తాయి.

సినిమా సంగీతం నుంచి లోపలికి

సినిమా సంగీతాన్ని షోస్తకోవిచ్ రెండో రకం సరుకుగా చూసేవాళ్ళు ఎక్కువ. నేను ఒప్పుకోను. 1922లో తండ్రి పోయాక, ఇల్లు గడవడానికి ఆయన చేసిన మొదటి ఉద్యోగాల్లో ఒకటి మూకీ సినిమాలకు థియేటర్లో పియానో వాయించడం. అప్పటికి ఆయనకి ఇరవై కూడా నిండలేదు. 1948లో పార్టీ రెండోసారి విరుచుకుపడి లెనిన్‌గ్రాద్ (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి సోవియట్ కాలపు పేరు), మాస్కో సంగీత కళాశాలల్లో ఉద్యోగాలు పీకేసినప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగించింది సినిమాలే. ఆ రోజుల్లో స్టాలిన్‌ని ఆకాశానికెత్తే ‘బెర్లిన్ పతనం’కి కూడా సంగీతం ఇచ్చాడు. ఆఖరి సినిమా 1971లో వచ్చిన, కొజింత్సెవ్ దర్శకత్వం వహించిన ‘కింగ్ లియర్’. అంటే ఒపెరాలు నిషేధానికి గురైనా, సింఫొనీలు అటకెక్కినా, సినిమా మాత్రం ఆయన్ని వదల్లేదు. పైగా సింఫొనీల్లో బిగుసుకుపోయి ఉండే మనిషి ఇక్కడ చొక్కా గుండీ విప్పుకుని కూర్చుంటాడు.

మొదట ఒక్కటే డిస్కు చాలు: రికార్డో షాయీ ఆమ్‌స్టర్‌డామ్ కాన్సెర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో డెక్కా కంపెనీకి చేసిన ‘ది ఫిల్మ్ ఆల్బమ్’. అందులో 1932 నాటి ‘కౌంటర్‌ప్లాన్’ పాట బాణీ ఉంది. సోవియట్ జనం వీధుల్లో పాడుకున్న బాణీ అది. యుద్ధకాలంలో అమెరికా దాకా వెళ్ళి, వేరే మాటలతో మిత్రరాజ్యాల గీతమైంది. రష్యన్‌లో ఆ పాట రాసిన కవి బొరీస్ కొర్నీలొవ్‌ని మాత్రం 1938లో కాల్చి చంపారు. ఉదయాన్నే లేచి పనికి వెళ్దాం రమ్మనే హుషారైన పాట, ఈ సంగతి తెలిశాక వింటే ఇంకోలా ఉంటుంది. ‘గాడ్‌ఫ్లై’ సినిమాలోని ‘రొమాన్స్’ అనే ముక్క కూడా ఈ డిస్కులోనే ఉంది, వయొలిన్ మీద. అది నచ్చనివాళ్ళని నేనింకా చూడలేదు. షాయీ దగ్గర ఆర్కెస్ట్రా నునుపు చూసి ఇది హాలీవుడ్‌లా ఉంది అని కొందరు పెదవి విరుస్తారు. ఆ నునుపే మొదటిసారి వినేవాళ్ళకి మేలు.

ఇక్కడే ఒక పేరు గందరగోళం తీర్చుకోవాలి. ‘వాల్ట్జ్ నంబర్ 2’ మీరు వినే ఉంటారు, ఏదో ప్రకటనలోనో రీల్‌లోనో. స్టాన్లీ క్యూబ్రిక్ తన ఆఖరి సినిమా మొదట్లోనే దాన్ని వాడాడు, అది షాయీ రికార్డింగే. చాలా ఆల్బమ్‌లలో దాన్ని ‘జాజ్ సూట్ నంబర్ 2’ అని వేస్తారు (సూట్ అంటే చిన్న చిన్న ముక్కల వరస). అది తప్పు. ఆ వాల్ట్జ్ వెరైటీ ఆర్కెస్ట్రా కోసం కూర్చిన వేరే సూట్‌లోది. అసలు రెండో జాజ్ సూట్ 1938 నాటిది, యుద్ధంలో పోయింది. 1999లో దాని పియానో ప్రతి దొరికితే జెరార్డ్ మెక్‌బర్నీ ఆర్కెస్ట్రాకి మళ్ళీ కూర్చాడు. వాల్ట్జ్ కోసం వెతికేవాళ్ళు రెండు పేర్లతోనూ వెతకండి. దొరికేది ఒకటే.

రుచి తగిలాక రెండు దారులున్నాయి. ఒకటి, వసీలీ సినాయ్‌స్కీ బీబీసీ ఫిల్‌హార్మోనిక్‌తో షాండాస్‌కి చేసిన మూడు సంపుటాలు. సూట్‌లు పొడవుగా, ధ్వని కళ్ళకు కట్టినట్టు ఉంటుంది, షాయీ కంటే బరువు ఎక్కువ. రెండోది, మార్క్ ఫిట్జ్-జెరాల్డ్ నాక్సోస్‌కి చేసిన పనులు. తేడా ఏమిటంటే, మనకు దొరికే సూట్‌లలో చాలావరకు షోస్తకోవిచ్ మిత్రుడు లెవ్ అతొవ్మ్యాన్ లాంటివాళ్ళు సినిమా సంగీతంలోంచి ఏరి, పెద్ద ఆర్కెస్ట్రాకి సరిపడేలా సర్దినవి. కచేరీలో వాయించడానికి అవి సౌకర్యం. ఫిట్జ్-జెరాల్డ్ అలా సర్దినవాటిని పక్కన పెట్టి, మన సినిమా వాళ్ళు ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) అంటారే, సినిమాకు మొదట రాసిన ఆ అసలు సంగీతాన్నే వీలైనంతగా తిరిగి కట్టాడు. ఆల్టాయ్ కొండలకు వెళ్ళిన టీచరమ్మ కథ ‘అలోన్’ (1931) వినండి. తుఫాను దృశ్యంలో థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం ఊళ పెడుతుంది. ఇరవై ఐదేళ్ళ కుర్రాడు, 1931లో! ‘న్యూ బాబిలోన్’ (1929) ఇంకా వింత. పారిస్ కార్మికుల తిరుగుబాటు ‘పారిస్ కమ్యూన్’ మీద తీసిన మూకీ అది. తెర ముందు ఆర్కెస్ట్రా వాయించాలి. విడుదలైనప్పుడు థియేటర్ల ఆర్కెస్ట్రాలు ఆ సంగీతాన్ని వాయించలేక అభాసుపాలయ్యాయి. సర్కస్ గోలలోంచి విషాదంలోకి ఒక్క గెంతు గెంతే షోస్తకోవిచ్ పద్ధతి పుట్టింది అక్కడే అని నా నమ్మకం.

నా లెక్క ఇది: సరదాగా వినడానికి షాయీ, కూర్చుని వినడానికి సినాయ్‌స్కీ, సినిమా సంగీతం ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనే కుతూహలం ఉంటే ఫిట్జ్-జెరాల్డ్. కాప్రిచియో కంపెనీకి మిఖాయిల్ యురోవ్‌స్కీ చేసిన పెద్ద వరస కూడా ఉంది. యుద్ధకాలపు, స్టాలిన్ కాలపు సినిమాలన్నీ కావాలనే వాళ్ళకి తప్ప దాని అవసరం రాదు. ‘హామ్లెట్’ (1964) మాత్రం వీలైతే సినిమాతోనే చూడండి. పాస్తెర్నాక్ అనువాదం, స్మొక్తునోవ్‌స్కీ నటన. తండ్రి ఆత్మ వచ్చే చోట సంగీతం వింటే సూట్‌గా విన్నది సగమే అనిపిస్తుంది.

పియానో: ఇరవై నాలుగు జంటలు

పియానో దగ్గరికి వస్తే ఎంపిక సులువు, ఎందుకంటే కేంద్రం ఒకటే: 87వ ఓపస్ (అంటే కృతి సంఖ్య), 24 ప్రెల్యూడ్లు, ఫ్యూగ్‌లు. ప్రెల్యూడ్ అంటే ముందు వచ్చే చిన్న ముక్క. ఫ్యూగ్ అంటే ఒక చిన్న బాణీ ఒంటరిగా మొదలవుతుంది. అది సాగుతుండగానే రెండో గొంతు అదే బాణీ అందుకుంటుంది, తర్వాత మూడోది, నాలుగోది. ఎవరి దారి వారిదే, అయినా ఒకరి కాలు ఒకరు తొక్కరు. మొదటి ఫ్యూగ్ మొత్తం తెల్లమెట్ల మీదే నడుస్తుంది, ఒక్క నల్లమెట్టు కూడా తగలదు. హార్మోనియం నేర్చుకునే పిల్లవాడి మొదటి పాఠం అంత నిర్మలంగా ఉంటుంది. రెండున్నర గంటల తర్వాత, 24వ ఫ్యూగ్‌కి వచ్చేసరికి అదే పియానో గుడి గంటలా మోగుతుంది.

దీని పుట్టుక ఒక అమ్మాయి వల్ల. 1950లో బాఖ్ చనిపోయి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా లైప్‌జిగ్‌లో పోటీ పెట్టారు. షోస్తకోవిచ్ న్యాయనిర్ణేతల్లో ఒకరు. మాస్కో నుంచి వచ్చిన తత్యానా నికొలాయెవా బాఖ్ 48 ప్రెల్యూడ్లు, ఫ్యూగ్‌లలో ఏది అడిగినా వాయిస్తానని సిద్ధమై కూర్చుంది, గెలిచింది. ఇంటికొచ్చిన షోస్తకోవిచ్ అక్టోబరులో మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా 24 జంటలూ పూర్తి చేశాడు. సంగీతకారుల సంఘంలో వినిపిస్తే తిట్లు తిన్నాడు. 1952 డిసెంబరులో లెనిన్‌గ్రాద్‌లో మొదటిసారి మొత్తం వాయించింది నికొలాయెవానే. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇదే వాయిస్తూ కచేరీ మధ్యలో మెదడులో రక్తస్రావమై, కొద్ది రోజుల్లో పోయింది.

కాబట్టి ఆమె రికార్డింగు తీసుకోవాలా? ఆమెవి ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. సోవియట్ కంపెనీ మెలోడియాకి చేసినవాటిలో 1987 నాటిది నాకు అన్నిటికంటే ఇష్టం. 1990లో హైపీరియన్‌కి చేసింది చాలామంది సిఫార్సు చేస్తారు, వేగం ఇంకాస్త తగ్గింది, గది ప్రతిధ్వని ఎక్కువ. నికొలాయెవా దగ్గర ప్రతి గొంతూ ఒక మనిషిలా వినపడుతుంది. తొందరలేదు. ఆమెకి తొందరలేకపోవడం కొత్తవాళ్ళకి మాత్రం బరువు కావచ్చు.

అలెక్సాందర్ మెల్నికొవ్ (హార్మోనియా ముండి, 2010) నేను ముందుగా చెప్పే పేరు. కొట్టాల్సిన చోట కొడతాడు, గుసగుసలాడాల్సిన చోట గుసగుసలాడతాడు. 15వ ఫ్యూగ్ అతని చేతుల్లో పిచ్చెక్కి పరిగెత్తుతుంది, అది అలాగే పరిగెత్తాలి కూడా. ధ్వని శుభ్రం. ఒక్కటే కొంటానంటే ఇదే కొనండి.

కీత్ జారెట్ (ఈసీఎమ్, 1991లో రికార్డు చేసింది) సంగతి వేరు. జాజ్ పియానిస్టు కదా, ఏదో తన సొంతం కలిపి ఉంటాడని అనుకుంటారు. ఒక్క స్వరం కూడా కలపలేదు. నిజానికి అందరిలోకీ సాదాగా, తిన్నగా వాయించింది ఆయనే. ఉత్కంఠ తక్కువ, ప్రవాహం ఎక్కువ. పని చేసుకుంటూ వినాలంటే, పుస్తకం చదువుతూ వినాలంటే జారెట్‌ని పెట్టుకోండి. షోస్తకోవిచ్ భయం తెలియాలంటే ఇది పనికిరాదు. ఇగోర్ లెవిట్ (సోనీ, 2021) మూడు డిస్కుల సెట్‌లో దీనికి తోడు రోనాల్డ్ స్టీవెన్‌సన్ రాసిన గంటకు పైబడిన పాసకాలియా (ఒకే బాణీని మళ్ళీ మళ్ళీ తిప్పే కృతి) ఒకటి ఇచ్చాడు, షోస్తకోవిచ్ పేరులోని అక్షరాలే దాని బాణీ. లెవిట్ మెల్లని చోట్ల ఎంత మెల్లగా వాయిస్తాడంటే, ఊపిరి బిగబట్టాలి. నాకు అది కొన్నిసార్లు అతి అనిపిస్తుంది, వేరేవాళ్ళు దానికే దండం పెడతారు. ఆష్కెనాజీ (డెక్కా) గట్టిగా, స్పష్టంగా ఉంటుంది, కానీ మెల్నికొవ్ ఉండగా అటు చేయి పోదు.

షోస్తకోవిచ్ స్వయంగా వాయించినవి కూడా ఉన్నాయి. 87వ ఓపస్‌లోంచి కొన్ని, 1958లో పారిస్‌లో కండక్టర్ ఆంద్రే క్లూయితాన్స్‌తో చేసిన రెండు పియానో కాన్సెర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించేవి). పోటీ పియానిస్టుగా 1927లో వార్సాలో షోపాన్ పోటీకి వెళ్ళొచ్చిన మనిషి. 1958 నాటికి కుడిచేయి మొండికేయడం మొదలైంది. తప్పులు వినపడతాయి, రికార్డింగు మోనో. అయినా ఆ వేగం చూడాలి! రెండో కాన్సెర్టో కొడుకు మక్సీమ్ 19వ పుట్టినరోజుకి రాసింది. దాని మధ్యభాగాన్ని ఈరోజుల్లో అందరూ తేనె కారుస్తూ వాయిస్తారు. తండ్రి మాత్రం దాన్ని కళ్ళు తుడుచుకోకుండా, ఆగకుండా దాటేస్తాడు. ఇది విన్నాకే మిగతావాళ్ళని నమ్మాలో లేదో తేల్చుకోండి. రెండు సొనాటాలు, 34వ ఓపస్ ప్రెల్యూడ్లు తర్వాత చూసుకోవచ్చు.

సింఫొనీలు: ఏ పెట్టె?

ఇప్పుడు పెట్టెల దగ్గరికి వద్దాం. కర్ణాటక కచేరీలో రాగాలాపన గాయకుడి సొంతం. ఇక్కడ ప్రతి స్వరం, ఎంత మెల్లగా, ఎంత గట్టిగా అన్నదీ కాగితం మీదే ఉంటుంది. అయినా తేడా ఎంత వస్తుందో చూడండి: ఐదో సింఫొనీ ముగింపులో వయొలిన్లు ఒకే స్వరాన్ని అదేపనిగా గీకుతుంటే, ఇత్తడి వాద్యాలు విజయగీతం ఊదుతాయి. ఆ భాగం ఎంత వేగంగా వాయించాలన్నది ఒక ముద్రణలో ఒకలా ఉంటే, ఇంకో ముద్రణలో దాదాపు సగం. బెర్న్‌స్టైన్ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో 1959లో చేసిన రికార్డింగులో అది పరుగెత్తుతుంది, పండగే. ఆ ఏడాదే వాళ్ళు మాస్కో వెళ్ళి షోస్తకోవిచ్ ముందే దీన్ని వాయించారు. రొస్త్రొపోవిచ్ దగ్గర అదే ముగింపు నెత్తిన సుత్తి దెబ్బలు. ఈ రెండూ పక్కపక్కన వినండి, పదే నిమిషాల పని. ఏది నచ్చిందన్నదాన్ని బట్టే మీకు ఏ పెట్టె సరిపోతుందో తెలుస్తుంది.

సుత్తి నచ్చితే కిరీల్ కొంద్రాషిన్, మాస్కో ఫిల్‌హార్మోనిక్, మెలోడియా. 1960ల నుంచి 1975 దాకా చేసిన రికార్డింగులు, మొత్తం సింఫొనీలు రికార్డు చేసిన మొదటి సెట్ ఇదే. నాలుగో సింఫొనీని షోస్తకోవిచ్ 1936లో భయంతో వెనక్కి తీసుకుంటే, పాతికేళ్ళ తర్వాత 1961 డిసెంబరులో మొదటిసారి వాయించింది కొంద్రాషినే. 1962లో పదమూడోది మ్రవిన్‌స్కీ వద్దన్నాక వాయించిందీ ఈయనే. వేగం మిగతా అందరికంటే ఎక్కువ. ఇత్తడి వాద్యాలు కత్తుల్లా కోస్తాయి. ధ్వని గరుకు, కొన్నిచోట్ల పగులుతుంది కూడా. ఈ గరుకుతనం వల్ల ఈ సెట్‌ని మొదటిది చేసుకోమని చెప్పను, కానీ రెండోది తప్పకుండా ఇదే.

మొదటిది రుడాల్ఫ్ బర్షాయ్, కోల్న్ రేడియో ఆర్కెస్ట్రా, బ్రిలియంట్ క్లాసిక్స్. నా పదకొండు సీడీల పెట్టె ఇదే. 1992 నుంచి 2000 మధ్య చేశారు. బర్షాయ్ బొరొదిన్ క్వార్టెట్‌లో మొదటి వయోలా వాద్యకారుడు, పద్నాలుగో సింఫొనీని 1969లో మొదటిసారి వాయించిన కండక్టర్, ఎనిమిదో క్వార్టెట్‌ని తీగ వాద్యాల ఆర్కెస్ట్రాకి మార్చినవాడు. అంటే ఇంటి మనిషి. కొంద్రాషిన్ లాగా గొంతు పట్టుకోడు, కానీ ఎక్కడా తప్పుదారి పట్టించడు. ధ్వని చాలా బాగుంటుంది. ఏ ఒక్క సింఫొనీలోనూ ఇది అన్నిటికంటే గొప్పది అనలేను, పదిహేనులో పద్నాలుగింటిలో రెండో స్థానమో మూడో స్థానమో వస్తుంది. పెట్టె కొనేవాడికి కావలసింది అదే కదా.

వసీలీ పెత్రెంకో రాయల్ లివర్‌పూల్ ఫిల్‌హార్మోనిక్‌తో నాక్సోస్‌కి చేసిన సెట్ హెడ్‌ఫోన్ల వాళ్ళ కోసం. లెనిన్‌గ్రాద్‌లో పుట్టిన కుర్రాడు, ఇంగ్లండ్‌లో ఓడరేవు ఊరి ఆర్కెస్ట్రాని రష్యన్ ఆర్కెస్ట్రాలా ఊదించాడు. మెల్లని చోట్లు అసలు వినపడనంత మెల్లగా ఉంటాయి, ఫ్యాన్ ముచ్చట ఇక్కడ బాగా గుర్తొస్తుంది. పదోది, ఎనిమిదోది, నాలుగోది ఈ సెట్‌లో అద్భుతం. విడివిడి ఆల్బమ్‌లుగా స్ట్రీమింగ్‌లో ఉన్నాయి కాబట్టి పెట్టె కొనకుండానే వినొచ్చు. బర్షాయా, పెత్రెంకోనా అని నన్ను అడిగితే, సీడీ ప్లేయర్ ఉన్నవాళ్ళకి బర్షాయ్, ఫోన్‌లో వినేవాళ్ళకి పెత్రెంకో.

బెర్నార్ట్ హైటింక్ (డెక్కా) పాశ్చాత్య దేశాల్లో చేసిన మొదటి పూర్తి సెట్, లండన్ ఫిల్‌హార్మోనిక్, కాన్సెర్ట్‌హెబౌ రెండింటితో. రాజకీయాలు పక్కన పెట్టి ఇవి పెద్ద కట్టడాలు అన్నట్టు నడిపిస్తాడు. గొంతు చించుకోవడం ఇష్టం లేనివాళ్ళకి సరిగ్గా ఇదే కావాలి. పద్నాలుగో సింఫొనీలో మృత్యువు మీది కవితల్ని రష్యన్ అనువాదంలో కాకుండా కవుల సొంత భాషల్లో పాడించాడు: లోర్కా స్పానిష్‌లో, అపోలినేర్ ఫ్రెంచ్‌లో, రిల్కే జర్మన్‌లో. ఫిషర్-డీస్కౌ, యూలియా వరాడి పాడారు. దీని కోసం ఒక్క డిస్కుగా అయినా తీసుకోవాలి.

మారిస్ యాన్సన్స్ ఎనిమిది ఆర్కెస్ట్రాలతో చేసిన ఈఎమ్‌ఐ సెట్ ఎత్తుపల్లాలుగా ఉంటుంది. ఆండ్రిస్ నెల్సన్స్ బోస్టన్‌తో డాయిష్ గ్రామఫోన్‌కి చేసినవి గ్రామీలు తెచ్చుకున్నాయి, ధ్వనిలో వీటిని కొట్టేవి లేవు. నాకు అవి కొన్నిచోట్ల మరీ మెత్తగా, దిగులుకి మేకప్ వేసినట్టుగా అనిపిస్తాయి. రొజ్‌దెస్త్‌వెన్‌స్కీ మెలోడియా సెట్ అభిమానుల కోసం. కొడుకు మక్సీమ్ ప్రాగ్‌లో చేసిన సెట్ మీద నాకు ఆశ ఎక్కువ ఉండేది. నెమ్మదిగా ఉంటుంది, పదిహేనోది మాత్రం నిలబడుతుంది. 1972లో దాన్ని మొదట వాయించింది ఆయనే కదా.

పెట్టెలో లేని విడి డిస్కులు

ఒక్కో సింఫొనీకి పెట్టెల్లో దొరకని రికార్డింగులు కొన్ని ఉన్నాయి. అన్నీ చెప్పను, వదులుకోలేనివే చెబుతాను.

ఏడోది, ‘లెనిన్‌గ్రాద్’. 1942 ఆగస్టు 9న నాజీల ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాద్‌లో, ఆకలితో చిక్కి శల్యమైన వాద్యకారులతో కార్ల్ ఎలియాస్‌బెర్గ్ వాయించింది. స్కోరు (స్వరాలు రాసిన ప్రతి) మైక్రోఫిల్మ్‌గా మారి టెహరాన్ మీదుగా అమెరికా వెళ్ళింది, అంతకుముందే జులైలో తోస్కనీనీ రేడియోలో వినిపించాడు. తోస్కనీనీది చరిత్ర కోసం వినాలి, అంతే. వినడానికి బెర్న్‌స్టైన్ షికాగో సింఫొనీతో 1988లో చేసింది. గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. మొదటి భాగంలో చిన్న డ్రమ్ము మీద ఒక వెర్రి బాణీ మళ్ళీ మళ్ళీ వస్తూ ప్రతిసారీ పెద్దదవుతుంది, షికాగో ఇత్తడి వాద్యాలు దాన్ని ఎక్కడిదాకా తీసుకెళ్తాయో నమ్మలేం. ఏడోది అంత గొప్ప సింఫొనీ కాదు అనేవాణ్ణి. ఈ డిస్కు నోరు మూయించింది.

ఎనిమిదోది మ్రవిన్‌స్కీ సొంతం, ఆయనకే అంకితం. లెనిన్‌గ్రాద్ ఫిల్‌హార్మోనిక్‌తో 1982లో కచేరీలో రికార్డు చేసింది వెతకండి. ఇక్కడ ఒక జాగ్రత్త: ఫిలిప్స్ వేసిన పాత సీడీ శ్రుతి అసలు కంటే పైన ఉంటుంది, టేపు వేగం తేడా. తర్వాతి కొన్ని ముద్రణల్లో సరిచేశారు. మూడో భాగంలో యంత్రం కదిలినట్టు తీగ వాద్యాలు కదులుతుంటే ఆపై ఎవరో అరిచినట్టు ఉంటుంది. అది ఈయన దగ్గర తప్ప ఎవరి దగ్గరా నన్ను భయపెట్టలేదు.

పదోది 1953 డిసెంబరులో, స్టాలిన్ పోయిన తొమ్మిది నెలలకి వచ్చింది. నాలుగు నిమిషాల రెండో భాగం స్టాలిన్ చిత్రమని 1979లో వచ్చిన ఒక జ్ఞాపకాల పుస్తకం చెప్పింది. ఆ పుస్తకం ఎంతవరకు షోస్తకోవిచ్ మాటో ఇప్పటికీ తగువే. తగువు లేనిది మూడో భాగంలో, జర్మన్ స్వరాక్షరాల్లో ఆయన తన పేరుని నాలుగు స్వరాలుగా రాసుకున్నది. కరయాన్ షోస్తకోవిచ్ సింఫొనీల్లో ఈ ఒక్కటే రికార్డు చేశాడు, 1966లో ఒకసారి, 1981లో ఒకసారి. 1966ది తీసుకోండి. రష్యన్ గరుకు కావాలంటే పెత్రెంకో.

పదకొండోది స్తొకోవ్‌స్కీ హ్యూస్టన్ సింఫొనీతో 1958లో చేసిన పాత స్టీరియో, 1905లో జార్ సైనికులు జనాన్ని కాల్చిన ఆ మంచు చౌరస్తా ఎంత చల్లగా ఉంటుందో ఇప్పటికీ దాన్ని మించింది వినలేదు. పదమూడోది కొంద్రాషిన్ 1962 డిసెంబరు కచేరీ. కీవ్ దగ్గర బాబీయార్ లోయలో యూదుల్ని చంపిన సంగతి మీద యెవ్తుషెంకో రాసిన కవితని ఆ తర్వాత బలవంతంగా కొన్ని పంక్తులు మార్పించారు. ఈ రికార్డింగులో మార్చకముందు మాటలే ఉన్నాయి. తేటగా వినపడదు, గాయకుడు గ్రొమాద్‌స్కీ గొంతు కాస్త దూరంగా ఉంటుంది. తొమ్మిదోది అరగంట లోపు సరదా, ఏ పెట్టెలోదైనా పర్లేదు. పన్నెండోది వదిలేయొచ్చు. నేను రెండుసార్లు ప్రయత్నించి మానేశాను.

చివరిగా పదిహేనోది. దీనికి కుర్త్ సాండర్లింగ్, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా, 1991. సాండర్లింగ్ నాజీ జర్మనీ నుంచి పారిపోయి లెనిన్‌గ్రాద్‌లో ఏళ్ళ తరబడి మ్రవిన్‌స్కీ పక్కన పనిచేసినవాడు. సింఫొనీ మొదటి భాగం బొమ్మల కొట్టులా గిలిగింతలు పెడుతుంది, ఆ మధ్యలోనే రోసినీ ‘విలియం టెల్’ ముక్క ఊదుతారు, ఎందుకో అర్థం కాదు. చివర్లో తీగ వాద్యాలు కలిసి మోగే ఒకే స్వరాల గుంపుని పట్టుకుని ఆగిపోతాయి, వాటి మీద కర్రముక్కలూ డ్రమ్ములూ గడియారం గుండెలా టక్‌టక్‌మని కొట్టుకుంటూ పోతాయి, చివరికి ఒక సన్నని గంట. ఈ ఆఖరి రెండు నిమిషాలకైనా ఫ్యాన్ ఆపండి.